విహారద్వారం వద్ద ఐదు నవలలు

బౌద్ధం ఇతివృత్తంగా వచ్చిన నవలలను ఏడాదికొకటి చొప్పున చదివితే ఒక్కొక్కటీ దాని కథతోనే గుర్తుండిపోతుంది. ఒకే వారంలో వరుసగా చదివితే మాత్రం అవి ఒకదానితో ఒకటి వాదించుకోవడం వినిపిస్తుంది. రడ్యార్డ్ కిప్లింగ్ ‘కిమ్’ (1901), హెర్మన్ హెస్సే ‘సిద్ధార్థ’ (1922), యశ్‌పాల్ ‘దివ్య’ (1945), యుకియో మిషిమా ‘స్వర్ణమందిరం’ (1956), మార్టిన్ విక్రమసింఘ ‘విరాగయ’ (1956) అనే ఐదు నవలలను అలా ఒక వారం పఠనంగా పెట్టుకున్నప్పుడు తేలిన అభిప్రాయాలివి. ఇంగ్లీషు, జర్మన్, హిందీ, జపనీస్, సింహళం: భాషలు ఐదు. రచయితల్లో ఒకరు సామ్రాజ్యవాది, ఒకరు మార్క్స్‌వాది, ఒకరు సౌందర్యారాధకుడు. అయినా ఐదు పుస్తకాల్లోనూ ఒక ద్వారం కనిపిస్తుంది. కొందరు దాన్ని దాటి బయటికి వస్తారు, ఒకరు లోపలికి వెళ్లనంటారు, ఒకరిని లోపలికి రానివ్వరు, ఒకరు లోపలే ఉండి నిప్పు పెడతారు, ఒకరు ఆ ద్వారం వైపు నడవకుండానే జీవితాన్ని ముగిస్తారు. ఆ ద్వారం విహారానిది.

పురావస్తు శాస్త్రానికి విహారమంటే ఇటుకల కొలతలు, గదుల వరుస, మండపం, మురుగుకాలువ, దానశాసనం. భిక్షువుకు విహారమంటే వినయం, ఉపోసథం, వర్షావాసం. నవలాకారుడికి అది మరొకటి. మనిషి తన బతుకును ఎక్కడ పెట్టుకోవాలో తేల్చుకోవలసిన చోటు. ఈ మూడు చూపులూ కలిసే సందర్భాలు అరుదు. అందుకే ఈ నవలలను ఈ పత్రిక చదువరుల ముందు పెట్టవలసి వచ్చింది.

లాహోరు మ్యూజియంలో లామా

‘కిమ్’ను గూఢచారి కథగా చదవడం అలవాటు. కానీ దాని మొదటి అధ్యాయం భారతదేశపు మ్యూజియాల మీద వచ్చిన మంచి రచనల్లో ఒకటి. టిబెట్ నుంచి వచ్చిన ముసలి లామా లాహోరు మ్యూజియంలో అడుగుపెట్టి గాంధార శిల్పాల ఎదుట నిలబడిపోతాడు. అక్కడ అధ్యక్షుడికి అవి వర్గీకరించిన నమూనాలు, లామాకు అవి బుద్ధుని జీవితం. చీనా యాత్రికుల వృత్తాంతాలు, పటాలు, గ్రంథాలు చూపించిన ఆ అధ్యక్షుణ్ణి లామా ఒకే ప్రశ్న అడుగుతాడు: బోధిసత్త్వుడు విడిచిన బాణం నేల తాకిన చోట పుట్టిన నది ఎక్కడుంది? తనకు తెలియదని అధ్యక్షుడు ఒప్పుకుంటాడు. తన కళ్లద్దాలు లామాకిస్తాడు, లామా కలందాను పుచ్చుకుంటాడు. కిప్లింగ్ తండ్రి జాన్ లాక్‌వుడ్ కిప్లింగ్ ఆ మ్యూజియానికే అధ్యక్షుడిగా పనిచేశాడు కనుక ఈ ఘట్టానికి ఇంటి చనువు కూడా ఉంది.

ఈ ఘట్టంలో ఉన్న మర్యాద నవలంతటా నిలవదు. లామాను కిప్లింగ్ ప్రేమించాడు, అందులో సందేహం లేదు. ఆంగ్ల నవలలో అంత నిండైన బౌద్ధ భిక్షువు అంతకుముందు లేడు. అయితే ఆ లామా తీర్థయాత్రే సామ్రాజ్య గూఢచర్యానికి ముసుగవుతుంది. శిష్యుడి చదువుకు లామా ఇచ్చిన డబ్బు చివరకు సర్వే శాఖకు ఒక వేగును తయారుచేస్తుంది. ఈ సంగతి లామాకు తెలియదు, నవల అతనికి తెలియనివ్వదు. కొండల్లో పరదేశి చేతిలో తన భవచక్ర పటం చిరిగినప్పుడు లామాలో కోపం లేస్తుంది. ఆ కోపాన్ని ఆయన తన తప్పుగానే లెక్కవేసుకుంటాడు. చివరకు ఒక చిన్న వాగులో తన నదిని కనుగొంటాడు, శిష్యుడి కోసం విముక్తి అంచు నుంచి వెనక్కి వస్తాడు. ఈ ముగింపు మహాయాన భావనకు దగ్గరగా ఉందని మెచ్చుకోవచ్చు. కాని శిష్యుడు ఎవరి కొలువులో మిగిలాడన్న ప్రశ్నను నవల దాటవేసింది.

పురాతత్వ చరిత్రకు ఈ ప్రశ్న బయటిదేమీ కాదు. 1797లో కాలిన్ మెకంజీ అమరావతి దిబ్బను చూసిననాటి నుంచి అక్కడి ఫలకాలు మద్రాసుకు, లండనుకు చేరిన తీరులోనూ ఇదే ద్వంద్వం ఉంది. కాపాడినవారూ తరలించినవారూ ఒక్కరే. లామా మ్యూజియంలో చేసిన నమస్కారం ఇప్పటికీ జవాబు దొరకని ప్రశ్న. పూజావస్తువును ప్రదర్శనవస్తువుగా మార్చిన తరువాత, వచ్చి నమస్కరించేవాడికి అక్కడ చోటు ఉందా?

గోవిందుడికి జరిగిన అన్యాయం

హెస్సే తల్లి మేరీ కేరళలోని తలశ్శేరిలో పుట్టింది. ఆమె తండ్రి హెర్మన్ గుండర్ట్ మలయాళ వ్యాకరణ, నిఘంటు కర్త. భారతదేశం హెస్సేకు తాతగారింటి నుంచి వచ్చిన వారసత్వం. ఆ వారసత్వంలోని ఆత్మీయత ‘సిద్ధార్థ’లో ప్రతి పుటలోనూ ఉంది. కథానాయకుడు బుద్ధుడు కాదు, అదే పేరుగల బ్రాహ్మణ యువకుడు. మిత్రుడు గోవిందుడితో కలిసి జేతవనంలో గౌతముని ధర్మం వింటాడు. గోవిందుడు సంఘంలో చేరతాడు. సిద్ధార్థుడు చేరడు. జ్ఞానాన్ని మాటలతో అందించడం సాధ్యం కాదన్నది అతని వాదం. ఆపైన కమల, వ్యాపారం, జూదం, విరక్తి, నది, పడవ నడిపే వాసుదేవుడు.

నవల భాష ప్రశాంతంగా ఉంటుంది. నది ఘట్టాలు ఇప్పటికీ చదివించే శక్తి గలవి. కాని సిద్ధార్థుడి అభ్యంతరం నిజానికి ఎవరి మీద? ధర్మాన్ని విజ్ఞులు ఎవరికి వారే తెలుసుకోవాలన్నది భిక్షువులు ప్రతిదినం చేసే ధర్మవందనలోని మాటే. గురువు మీది గౌరవంతో మాత్రమే దేన్నీ నమ్మవద్దన్నది కాలాములకు చేసిన ఉపదేశం. బుద్ధుడు చెప్పినదాన్నే బుద్ధుడికి ఎదురుగా నిలబెట్టి హెస్సే తన నాయకుణ్ణి గెలిపించాడు.

ఆ గెలుపు ఖర్చు గోవిందుడు భరించాడు. జీవితమంతా సంఘంలో గడిపి ముసలివాడైన గోవిందుడు ఇంకా వెతుకుతూనే ఉంటాడు. చివరి పుటల్లో మిత్రుడి నుదురు ముద్దుపెట్టుకుంటే గాని అతనికి దర్శనం కలగదు. సంఘంలో అతను గడిపిన యాభై ఏళ్ల వంటి కాలం గురించి నవలలో ఏమీ లేదు. ఏ ఊరి భిక్ష, ఏ గురువు మందలింపు, ఏ వర్షావాసపు స్నేహం అతణ్ణి తీర్చిదిద్దాయో హెస్సే ఊహించలేదు. ఒంటరి మనిషి సాధననే సాధనగా ఎంచే యూరపు చూపు ఇక్కడ పనిచేసింది. ఇరవయ్యో శతాబ్దంలో ఈ నవల ద్వారా బౌద్ధాన్ని పరిచయం చేసుకున్న లక్షలాదిమందికి సంఘం అనే మూడవ రత్నం కనబడకపోవడానికి ఇదొక కారణం. కమల తన తోటను గౌతముని భిక్షువులకు దానమిచ్చిందని నవలలో ఒక్క వాక్యంలో వస్తుంది. వైశాలి ఆమ్రపాలిని తలపించే ఆ వాక్యంలో ఇంకో నవల దాగి ఉంది. హెస్సే దాన్ని రాయలేదు.

‘దివ్య’ వేసిన ప్రశ్న

ఆమ్రపాలి పేరు యశ్‌పాల్ నవలలో వాదనగా తిరిగి వస్తుంది. క్రీస్తుపూర్వం మొదటి శతాబ్దపు మద్రదేశం, రాజధాని సాగల. ధర్మస్థుని మునిమనుమరాలు దివ్య, దాసుడి స్థితి నుంచి శ్రేష్ఠి అయినవాడి కొడుకు పృథుసేనుణ్ణి ప్రేమిస్తుంది. గర్భవతిగా విడువబడి, ఇల్లు వదిలి, దాసిగా అమ్ముడుపోతుంది. మథురలో ఒక బ్రాహ్మణుడి ఇంట అతని బిడ్డకు పాలివ్వడానికి ఉంచబడి, తన బిడ్డకు పాలు లేక పారిపోతుంది. విహారద్వారం ముందు శరణు వేడుతుంది. స్త్రీకి తండ్రి, భర్త, పుత్రుడు, దాసి అయితే యజమాని అనుమతి లేకుండా సంఘం చోటివ్వదని స్థవిరుడు చెబుతాడు. ఆమ్రపాలికి తథాగతుడు శరణిచ్చాడు కదా అంటే, వేశ్య స్వతంత్ర నారి అన్న సమాధానం వస్తుంది. దివ్య యమునలో దూకుతుంది. బిడ్డ చనిపోతాడు, ఆమె బతికి నర్తకి అవుతుంది. చివర ఆచార్యుడు కులవధువు పదవిని, భిక్షువైన పృథుసేనుడు నిర్వాణాన్ని, చార్వాక శిల్పి మారీశుడు సుఖదుఃఖాల్లో తోడును ఇస్తామంటారు. ఆమె మారీశుణ్ణి ఎంచుకుంటుంది.

ఐదింటిలో బౌద్ధ పాఠకుణ్ణి నిద్రపోనివ్వని నవల ఇదే. దీన్ని మతవ్యతిరేక ప్రచారమని తోసివేయడం సులభం, కాని అది న్యాయం కాదు. యశ్‌పాల్ వినయాన్ని చదివే రాశాడు. దాసునికి, రుణగ్రస్తునికి, రాజభటునికి ప్రవ్రజ్య ఇవ్వరాదన్న నియమాలు మహావగ్గంలో ఉన్నాయి. రాహులుని ప్రవ్రజ్య తరువాత శుద్ధోదనుని కోరికపై తల్లిదండ్రుల అనుమతి తప్పనిసరి అయింది. స్త్రీ విషయంలో తల్లిదండ్రుల అనుమతితోపాటు భర్త అనుమతీ కావాలని భిక్షుణీ ప్రాతిమోక్షం చెబుతుంది. ఈ నియమాల వెనుక సంఘపు ఆత్మరక్షణ ఉంది. రాజుల, శ్రేష్ఠుల దానాలపై నిలిచిన విహారం వారి భటులను, దాసులను విడిపించి తీసుకుంటే నిలవలేదు. విహారం ఎంతమందికి ఆశ్రయమిచ్చిందో, ఆ ఆశ్రయం నిలవడానికి ఎవరిని బయట ఉంచవలసి వచ్చిందో ఒకే లెక్కలో చూడాలన్నది యశ్‌పాల్ వాదన. ఈ వాదనకు దానశాసనాల అధ్యయనం ఇంకా పూర్తి జవాబు చెప్పలేదు.

నవలలో లోపాలూ ఉన్నాయి. మొదటిది, శరణగమనం వేరు, ఉపసంపద వేరు. త్రిశరణాలు తీసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. ఆకలిగొన్న బిడ్డతో వచ్చిన స్త్రీకి పిడికెడు అన్నం పెట్టడానికి ఏ సిక్ఖాపదమూ అడ్డు రాదు. స్థవిరుడు వాటిని కలిపేసి మాట్లాడతాడు. అది స్థవిరుడి కాఠిన్యమో రచయిత ఏమరుపాటో నవల స్పష్టం చేయదు. రెండవది ఇంకా పెద్దది. ఆ ద్వారం వద్ద ఒక్క భిక్షుణి కూడా కనబడదు. అదే మథురలో, కుషాణుల కాలంలో, త్రిపిటకం తెలిసిన భిక్షుణి బుద్ధమిత్ర ఉంది. ఆమె సోదరి కూతురు ధనవతి కూడా భిక్షుణి. హువిష్కుని కాలం 33వ సంవత్సరంలో ఆమె బోధిసత్త్వ ప్రతిమను ప్రతిష్ఠించిన శాసనం లభించింది. నవల కాలం అంతకన్నా కొంత ముందుదే. అయినా మథుర బౌద్ధంలో చదువుకున్న స్త్రీల పరంపర ఉందనడానికి ఆ శాసనం సాక్ష్యం. మన అమరావతి ఫలకాల మీద కూడా భిక్షుణి, ప్రవ్రజిత, అంతేవాసిని అన్న మాటలు పదేపదే వస్తాయి. విధికుడనే చర్మకారుడు తన కుటుంబంతో కలిసి పూర్ణఘట ఫలకాన్ని దానమిచ్చాడు. దివ్యకు ఎదురైన ద్వారం నిజమే, అయితే అది ఒక్కటే ద్వారం కాదు.

ఇంతమాత్రాన ప్రశ్న తీరదు. థేరవాద దేశాల్లో తెగిపోయిన భిక్షుణీ ఉపసంపదను 1996లో సారనాథ్‌లో, 1998లో బోధగయలో మళ్లీ జరిపినప్పుడు, దానిని అంగీకరించినవారూ కాదన్నవారూ వినయాన్నే ప్రమాణంగా చూపారు. ఆ వివాదం నేటికీ ముగియలేదు. యశ్‌పాల్ నవల పాతబడకపోవడానికి కారణం అదే. ద్వారం వద్ద నిలబడినవారికి ఎవరి అనుమతి కావాలన్న ప్రశ్న చరిత్ర పుస్తకంలోకి ఇంకా వెళ్లలేదు.

తాళం పడిన మూడవ అంతస్తు

1950 జులై 2న క్యోటోలోని స్వర్ణమందిరాన్ని అక్కడి యువభిక్షువే తగలబెట్టాడు. ఆ సంఘటన మీద మిషిమా కట్టిన నవల ‘స్వర్ణమందిరం’. కథ చెప్పే మిజొగుచి నత్తివాడు, పల్లెటూరి పూజారి కొడుకు. ఆ మందిరం కన్న అందమైనది లోకంలో లేదని తండ్రి చెప్పగా వింటూ పెరిగాడు. అందులో శిష్యుడిగా చేరాక, యుద్ధంలో బాంబులు పడి మందిరమూ తానూ కలిసి కాలిపోతామని ఊహించుకుని దానికి దగ్గరవుతాడు. యుద్ధం ముగుస్తుంది, మందిరం నిలుస్తుంది. ఆ శాశ్వతత్వాన్ని అతను భరించలేడు.

మిషిమా శిల్పం ఐదింటిలో అన్నిటికన్న బిగువైనది, సానుభూతి అన్నిటికన్న తక్కువది. జపాన్ ఓడిన రోజున గురువు శిష్యులకు చెప్పే పిల్లి కథ జెన్ సంప్రదాయంలో ప్రసిద్ధం. నవలలో దానికి పలువురు పలు అర్థాలు చెబుతారు. ఏ అర్థమూ కరుణ దగ్గరికి చేరదు. గురువు లోకవ్యవహారంలో మునిగినవాడు, శిష్యుడు తనలో తాను మునిగినవాడు. అక్కడ విహారం ఉంది, ధర్మసంభాషణ లేదు. అందాన్ని వస్తువులో బంధించి పూజిస్తే అది పూజించేవాణ్ణి తినేస్తుందన్న గ్రహింపు మాత్రం బలమైనది. నిప్పు పెట్టిన తరువాత మిజొగుచి మూడవ అంతస్తులో చనిపోదామని మెట్లెక్కుతాడు. తలుపు తాళం వేసి ఉంటుంది. ఎంత బాదినా తెరుచుకోదు. పారిపోయి కొండ మీద సిగరెట్టు వెలిగించి, బతుకుదామనుకుంటాడు.

అసలు మందిరాన్ని 1955లో పునర్నిర్మించారు. నవల ఆ మరుసటేడు వచ్చింది. వారసత్వ పరిరక్షణలో ఉన్నవారు ఈ రెండు సంవత్సరాలనూ పక్కపక్కన పెట్టుకుని చదవాలి. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగరానికి శంకుస్థాపన జరిగింది. లోయ మునిగేలోగా తవ్వకాలు ముగించి, ఎంచుకున్న కట్టడాలను కొండ మీదికీ అనుపుకూ తరలించి మళ్లీ కట్టారు. అక్కడ నిప్పు, ఇక్కడ నీరు. తిరిగి కట్టింది అదేనా, కాదా అన్న ప్రశ్న రెండుచోట్లా ఒక్కటే. అనిత్యతను బోధించిన ధర్మపు గుర్తులను నిత్యంగా నిలబెట్టాలన్న తపనలో ఒక వైరుధ్యం ఉంది. మిషిమా దాన్ని ఉన్మాదంగా చూపాడు. దాన్ని బాధ్యతగా మలుచుకోవడం పరిరక్షకుల పని.

ఇంట్లోనే విరాగి

సింహళ నవలకు పెద్దదిక్కైన మార్టిన్ విక్రమసింఘ ‘విరాగయ’ బుద్ధజయంతి 2500 ఏళ్ల సంబరాల కాలంలో వచ్చింది. ఉత్సవ వాతావరణానికి పూర్తిగా ఎదురైన పుస్తకం. నాయకుడు అరవింద దక్షిణ శ్రీలంక పల్లెవాసి. తండ్రి కోరినట్టు వైద్యం చదవడు. ప్రేమించిన సరోజిని తనను తీసుకుపొమ్మన్నా కదలడు, ఆమె మరొకరిని పెళ్లాడుతుంది. ఇంటిని అక్కకు వదిలేస్తాడు. పెంచుకున్న బతీ అనే అమ్మాయిపై తనలో కలిగే భావానికి పేరు పెట్టలేక నలుగుతాడు, ఊరి నోట పడతాడు. చివరి రోజుల్లో ఆ బతీయే అతన్ని చూసుకుంటుంది. అతను రాసిపెట్టుకున్న కాగితాలే నవల.

అరవింద విరాగియా, పిరికివాడా? విక్రమసింఘ తీర్పు చెప్పడు. ఆశ లేకపోవడం వేరు, ఆశను దాటడం వేరు. మొదటిది చాలాసార్లు రెండవదాని వేషం వేసుకుంటుంది. అరవింద త్యాగాల్లో ప్రతిదాని వెనుక ఒక తప్పించుకోవడం ఉంది, ప్రతి తప్పించుకోవడంలోనూ ఒక మెత్తని మంచితనం ఉంది. ఈ రెండింటినీ విడదీయలేని చోటే నవల గొప్పతనం. బౌద్ధ సమాజంలో పుట్టి పెరిగినవాడు మాత్రమే రాయగల పుస్తకం ఇది. ఇందులో ధర్మం ఉపన్యాసంగా రాదు, ఊరివాళ్లు ఒకరినొకరు తూచుకునే తూనికరాయిగా వస్తుంది. వారం పఠనంలో మళ్లీ వెంటనే తెరవాలనిపించిన నవల ఇదొక్కటే. లోపమంటూ చెప్పాలంటే, నడుమ భాగంలో అరవింద ఆత్మపరీక్ష కొంత తిరిగిన దారినే తిరుగుతుంది.

తెలుగు నవల ముందున్న శాసనం

ఐదు పుస్తకాలూ మూసిన తరువాత తెలుగు వైపు చూడకుండా ఉండలేము. అడివి బాపిరాజు ‘హిమబిందు’, ‘అడవి శాంతిశ్రీ’ శాతవాహన, ఇక్ష్వాకు కాలాలను తెలుగు నవలలోకి తెచ్చాయి. ఆ ఉపకారం చిన్నది కాదు, ధాన్యకటకం, విజయపురి అన్న పేర్లు ఎందరికో ఆ పుస్తకాల వల్లనే ఇంపైనవి అయ్యాయి. అయితే వాటి ప్రధాన ఆకర్షణ చారిత్రక ప్రణయం, కళాసౌందర్యం. ‘దివ్య’ అడిగినట్టు విహారాన్ని ప్రశ్నించడం గాని, ‘విరాగయ’ చేసినట్టు ధర్మాన్ని రోజువారీ బతుకులో పరీక్షించడం గాని వాటి ఉద్దేశం కాదు.

సామగ్రికి మాత్రం కొదవ లేదు. నాగార్జునకొండలో ఇక్ష్వాకు వీరపురుషదత్తుని 14వ రాజ్యసంవత్సరపు శాసనం ఒకటుంది. వేయించింది రాణి కాదు, ఉపాసిక బోధిశ్రీ. తామ్రపర్ణి స్థవిరుల కోసం చైత్యగృహం కట్టించిన ఆమె, కశ్మీరం, గాంధారం, చీనా, తోసలి, వనవాసి, యవన, ద్రమిళ దేశాల వరకు ధర్మాన్ని చేర్చిన ఆచార్యులను తలుచుకుంటుంది. సింహళ విహారం పేరూ అందులో ఉంది. తన బంధువులను ఒక్కొక్కరినీ వరుసల వారీగా పేర్కొని వారికి పుణ్యభాగం పంచుతుంది. ఒక ఇల్లు, ఒక ఊరు, ఒక సముద్రం అందులో ఇమిడి ఉన్నాయి. ఆమె ఇంట దాసీలు ఉన్నారా? ఉంటే ఆమె కట్టించిన ద్వారం వారికి తెరుచుకుందా? శాసనం ఇది చెప్పదు. పురాతత్వ నివేదిక కూడా చెప్పదు, చెప్పకూడదు. ఆధారం ఆగిన చోట శాస్త్రం ఆగాలి.

నవల అక్కడి నుంచే మొదలు కావాలి. లామాకు మ్యూజియం అధ్యక్షుడు కళ్లద్దాలిచ్చినట్టు, ఆ నవలాకారునికి ఇవ్వవలసినవి ఈ రంగంలోని వారి దగ్గరున్నాయి: శాసనపాఠం, గది కొలత, వినయ నియమం, దాని సందర్భం. అవి అడిగేవారికి అందేలా తెలుగులో ఉంచడం పరిశోధకుల వంతు. అడిగిన ప్రశ్న నొప్పించినా వినడం సంఘం వంతు. దివ్య నిలబడిన ద్వారం వద్ద కనీసం అంతమాత్రం జరిగి ఉంటే ఆ కథ నదివైపు నడిచేది కాదు.